ఒకే చిప్‌కి రెండో బస్: కెర్నల్ డ్రైవర్‌లో అసలు పని ఎక్కడుంటుంది

బాష్ కంపెనీ తయారుచేసే బీఎంపీ280 అనే చిన్న సెన్సర్ గాలి పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలుస్తుంది. డ్రోన్లలోనూ ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లోనూ తరచూ కనిపించే చిప్ ఇది. దీన్ని అమర్చి అమ్మే బోర్డుల మీద సాధారణంగా ఆరు పిన్నులుంటాయి. వాటిలో నాలుగు కలిపితే ఐ2సీ అనే బస్ (ప్రాసెసర్‌కీ చిప్‌కీ మధ్య డేటా నడిచే తీగల ఏర్పాటు) మీద పలుకుతుంది, ఆరూ కలిపితే ఎస్‌పీఐ మీద పలుకుతుంది. లోపలి సిలికాన్ ఒకటే, రిజిస్టర్లు (చిప్‌లో డేటా ఉండే, నంబర్లున్న చిన్న గదులు) అవే, పీడనాన్ని లెక్కగట్టే సూత్రమూ అదే.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రధాన భాగమైన కెర్నల్‌లో ఈ చిప్‌కి 2014లో రాసిన డ్రైవర్‌కు, అంటే చిప్‌తో మాట్లాడే కోడ్‌కు, ఐ2సీ ఒక్కటే తెలుసు. 2016లో ఎస్‌పీఐ కూడా చేరింది. ఇంకో బస్ చేర్చడమంటే ఐ2సీలో చదివే ఫంక్షన్ పక్కన ఎస్‌పీఐలో చదివే ఫంక్షన్ ఒకటి రాయడమేనని చాలామంది అనుకుంటారు. అది పనిలో చిన్న భాగం. ఎస్‌పీఐ గురించి ఒక్క లైను రాయకముందే, ఉన్న కోడ్‌లో ఏది చిప్‌కి చెందిన జ్ఞానం, ఏది తీగకి చెందిన జ్ఞానం అని తేల్చాలి. అలా తేల్చాక కూడా కొన్ని విషయాలు ఏ గట్టునా నిలవవు. వాటిని ఎక్కడ ఉంచాలన్న నిర్ణయంలోనే డ్రైవర్ నాణ్యత ఉంటుందని నా అభిప్రాయం.

రెండు బస్‌ల స్వభావం

ఐ2సీలో తీగలు రెండే, ఒకటి క్లాక్, ఇంకొకటి డేటా. ఆ జత మీదే చాలా చిప్‌లు కూర్చుంటాయి కాబట్టి ప్రతిదానికీ ఒక అడ్రస్ కావాలి. బీఎంపీ280కి అది హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 76 లేదా 77. ప్రాసెసర్ ఆ అడ్రస్‌ను పిలవగానే చిప్ ఒక బిట్‌తో "ఉన్నాను" అని జవాబివ్వాలి. ఎస్‌పీఐలో క్లాక్‌తో పాటు డేటా పోవడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ, ప్రతి చిప్‌కీ విడిగా ఒక చిప్ సెలెక్ట్ తీగ ఉంటాయి. అడ్రస్ లేదు, జవాబు బిట్ కూడా లేదు. వేగం మాత్రం ఎక్కువ. బీఎంపీ280ని ఎస్‌పీఐ మీద 10 మెగాహెర్ట్జ్ వరకు నడపవచ్చు, ఐ2సీలో దాని గరిష్ఠం 3.4 మెగాహెర్ట్జ్.

జవాబు బిట్ లేకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ డ్రైవర్ రాసేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఐ2సీ మీద చిప్ లేకపోయినా, తీగ ఊడిపోయినా, చదవబోతే ఎర్రర్ కోడ్ తిరిగి వస్తుంది. ఎస్‌పీఐ మీద అలా రాదు. ప్రాసెసర్ క్లాక్ తిప్పుతుంది, వచ్చే తీగ మీద ఏ వోల్టేజి ఉంటే అదే డేటాగా తీసుకుంటుంది. చిప్ లేకపోతే అన్నీ సున్నాలో, అన్నీ ఒకట్లో వస్తాయి, పని విజయవంతమైందని ఫంక్షన్ చెబుతుంది. అందుకే మొదట్లో చిప్ ఐడీ రిజిస్టర్ చదివి సరిచూడడం ఐ2సీలో అదనపు జాగ్రత్త అయితే, ఎస్‌పీఐలో అవతల ఎవరో ఉన్నారనడానికి మనకున్న మొదటి సాక్ష్యం అదే. బీఎంపీ280 అయితే ఆ రిజిస్టర్‌లో హెక్స్ 58 రావాలి, తేమను కూడా కొలిచే బీఎంఈ280 అయితే 60 రావాలి.

ముందు విడదీయాలి

ఒకే బస్ కోసం రాసిన డ్రైవర్‌లో ఆ బస్ ఛాయలు అంతటా ఉంటాయి. కెర్నల్‌లో ఐ2సీ మీది ప్రతి పరికరానికీ "ఐ2సీ క్లయింట్" అనే స్ట్రక్చర్, ఎస్‌పీఐ మీది ప్రతిదానికీ "ఎస్‌పీఐ డివైస్" అనే స్ట్రక్చర్ ఉంటాయి. డ్రైవర్ తన సొంత డేటాలో ఐ2సీ క్లయింట్‌ను దాచుకుంటుంది. ఎర్రర్ మెసేజ్ రాయాలన్నా, ఇంటరప్ట్ (చిప్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) నంబర్ తెలుసుకోవాలన్నా, మెమరీ కేటాయించాలన్నా దాన్నే పట్టుకుంటుంది. వీటిలో చాలా పనులకు నిజానికి ఐ2సీతో సంబంధం లేదు. రెండు స్ట్రక్చర్లలోనూ లోపల "డివైస్" అనే సాధారణ స్ట్రక్చర్ ఉంటుంది, ఆ పనులకు అది చాలు.

కాబట్టి మొదటి ప్యాచ్‌లో (కోడ్‌కి పంపే మార్పుల కట్టలో) కొత్త ఫీచర్ ఏదీ ఉండదు. ఐ2సీ క్లయింట్ పేరు ఉన్న చోటల్లా సాధారణ డివైస్‌ను పెట్టడం, ఫైలును చీల్చడం, అంతే. బీఎంపీ280 విషయంలో ఒకే ఫైలుగా ఉన్నది కోర్ (ఏ బస్‌కైనా ఉమ్మడిగా ఉండే చిప్ కోడ్), రిజిస్టర్ల వివరాలు, ఐ2సీ అని విడిపోయింది. తర్వాత ఎస్‌పీఐ ఫైలు వచ్చి పక్కన చేరింది. పరికరం కనబడగానే దాన్ని సిద్ధం చేసే ఫంక్షన్‌ను ప్రోబ్ అంటారు. కోర్‌లోని ప్రోబ్ ఫంక్షన్‌కి బయటనుంచి అందేవి ఇవే: ఏ డివైస్, రిజిస్టర్లు చదవడానికి ఏ దారి, ఇది ఏ చిప్, ఇంటరప్ట్ నంబర్ ఎంత. ఆ దారి ఏ బస్ మీదుగా పోతుందో కోర్‌కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

విడదీయడాన్నీ కొత్త బస్‌నీ ఒకే ప్యాచ్‌లో పెట్టేయాలనే తొందర చాలామందికి ఉంటుంది. మెయిన్‌టెయినర్లు (ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లు) దాన్ని తిప్పి పంపుతారు, సరిగానే పంపుతారు. వందల లైన్లు ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి మారుతున్నప్పుడు వాటి మధ్యలో మారిన నాలుగు లైన్లను కన్ను పట్టుకోలేదు. ఆరు నెలల తర్వాత ఐ2సీ వాడేవాళ్లకు ఏదో చెడిపోయిందని తెలిస్తే, బైసెక్ట్ చేసి, అంటే ప్యాచ్‌లను సగం సగం చేస్తూ తప్పు ఎక్కడ మొదలైందో వెతికి, చూసినప్పుడు "తరలింపు మాత్రమే" అన్న ప్యాచ్ దగ్గర ఆగిందా, "ఎస్‌పీఐ చేర్చాం" అన్న ప్యాచ్ దగ్గర ఆగిందా అన్నది తేలాలి. ఎస్‌పీఐ ఎప్పుడూ వాడనివాళ్ల డ్రైవర్ చెడగొట్టకపోవడం ఈ పనిలో మొదటి బాధ్యత.

ఫైళ్లను చీల్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. కెర్నల్‌లో ఐ2సీని మాడ్యూల్‌గా (తర్వాత విడిగా లోడ్ చేసే ముక్కగా), ఎస్‌పీఐని లోపలే కలిపి కట్టుకునేవాళ్లుంటారు. రెండు బస్‌ల కోడూ ఒకే ఫైలులో ఉండి, ఆ డ్రైవర్‌ను కెర్నల్‌లోనే కలిపేస్తే, ఇంకా లోడ్ కాని మాడ్యూల్‌లోని ఐ2సీ ఫంక్షన్‌ను కెర్నల్ పిలవాల్సి వస్తుంది. కోడ్ ముక్కల్ని కలిపి కట్టే లింకర్ దగ్గరే పని ఆగిపోతుంది. కోర్ ఒక మాడ్యూల్, ఒక్కో బస్‌కి ఒక్కో చిన్న మాడ్యూల్ అయితే ఈ చిక్కు రాదు. కోర్ తన ప్రోబ్ ఫంక్షన్‌ను బయటికి ఎగుమతి చేస్తుంది, బస్ మాడ్యూళ్లు దాన్ని వాడుకుంటాయి. ఆ పేర్లు కెర్నల్ అంతటికీ కనబడకుండా ఉండడానికి 2019లో, 5.4 వెర్షన్‌తో, సింబల్ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. ఇప్పుడు ఇలా చీల్చిన సెన్సర్ డ్రైవర్లలో అవి మామూలైపోయాయి.

రెగ్‌మ్యాప్ చేసే మేలు

కోర్‌కి అందించే "దారి" అన్నాను కదా, ఈ రోజుల్లో దాని పేరు దాదాపు ఎప్పుడూ రెగ్‌మ్యాప్. మార్క్ బ్రౌన్ రాసిన ఈ లైబ్రరీ 2011లో 3.1 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చింది. ఇది పుట్టింది ఆడియో కోడెక్ చిప్‌ల డ్రైవర్ల నుంచి. ఆ చిప్‌లలో చాలావాటికి ఐ2సీ, ఎస్‌పీఐ రెండూ ఉండేవి. ఏ రిజిస్టర్‌లో ఏం రాశామో గుర్తుపెట్టుకునే క్యాష్ (తాత్కాలిక నకలు) కూడా కావాల్సి వచ్చేది. ఆ ఉమ్మడి కోడ్‌ను ఆడియో నుంచి బయటికి తీస్తే అందరికీ పనికొచ్చింది.

రెగ్‌మ్యాప్‌కి మనం చెప్పాల్సింది రిజిస్టర్ నంబర్ ఎన్ని బిట్లు, విలువ ఎన్ని బిట్లు, ఏ రిజిస్టర్లలో రాయవచ్చు, ఏవి తమంతట తాము మారుతుంటాయి అన్న వివరాలు. ఆ తర్వాత కోర్‌లో "ఈ రిజిస్టర్ చదువు" అంటే చాలు. ఐ2సీ కంట్రోలర్ పూర్తి స్థాయిదా, లేక ఎస్ఎంబస్ (ఐ2సీకి పరిమిత రూపం) ఆదేశాలు మాత్రమే తెలిసినదా అన్న తేడాను కూడా అదే చూసుకుంటుంది. మీ ముందున్న పాత డ్రైవర్ రెగ్‌మ్యాప్ వాడకుండా నేరుగా ఐ2సీ ఫంక్షన్లను పిలుస్తుంటే, మొదట దాన్ని రెగ్‌మ్యాప్‌కి మార్చే ప్యాచ్ పంపండి. బీఎంపీ280 డ్రైవర్ మొదటినుంచీ రెగ్‌మ్యాప్ మీదే ఉండడం వల్ల ఆ మెట్టు తప్పింది.

ఏడో బిట్ కథ

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన చోటికి వద్దాం. ఎస్‌పీఐలో చదవడమా రాయడమా అని చెప్పడానికి ప్రత్యేకమైన పద్ధతి ఏదీ బస్‌లో లేదు. ఎవరి చిప్‌కి వాళ్లు ఒక ఏర్పాటు పెట్టుకుంటారు. ఎక్కువమంది రిజిస్టర్ నంబర్‌లోని అన్నిటికంటే పై బిట్‌ను, అంటే 7వ బిట్‌ను వాడతారు. అది 1 అయితే చదవడం, 0 అయితే రాయడం.

అనలాగ్ డివైసెస్ వారి ఏడీఎక్స్‌ఎల్345 అనే యాక్సిలరోమీటర్‌ను తీసుకోండి. చదవడానికి 7వ బిట్, ఒకేసారి చాలా బైట్లు కావాలంటే 6వ బిట్ కూడా పెట్టాలి. దాని ఎస్‌పీఐ ఫైలులో రెగ్‌మ్యాప్‌కి "చదివేటప్పుడు ఈ రెండు బిట్లూ కలుపు" అని ఒక మాస్క్ ఇస్తే సరిపోయింది. ఆ చిప్ 5 మెగాహెర్ట్జ్ దాటి పనిచేయదు కాబట్టి, బోర్డు వివరాల్లో అంతకంటే ఎక్కువ వేగం రాసి ఉంటే అదే ఫైలు ప్రోబ్‌లోనే కుదరదని చెప్పేస్తుంది. ఇది బస్‌కి సంబంధించిన పరిమితి, బస్ ఫైలులోనే తీరిపోయింది.

బీఎంపీ280 అంత సులువు కాదు. దాని రిజిస్టర్ల నంబర్లన్నీ హెక్స్‌లో 80కి పైనే ఉన్నాయి. అంటే 7వ బిట్ అన్నిటిలోనూ ముందే 1గా ఉంది. చదివేటప్పుడు ఏమీ చేయనక్కర్లేదు, నంబర్‌ను ఉన్నదున్నట్టు పంపితే సరి. రాసేటప్పుడు మాత్రం ఆ బిట్‌ను తీసేయాలి. కొలత మొదలుపెట్టించే రిజిస్టర్ ఎఫ్4 అయితే, అందులో రాయడానికి తీగ మీద 74 పంపాలి. రెగ్‌మ్యాప్ మాస్క్‌లు బిట్లను కలపగలవు కానీ తీసేయలేవు. అందుకే ఈ డ్రైవర్ ఎస్‌పీఐ ఫైలులో చదవడానికీ రాయడానికీ సొంత ఫంక్షన్లు రాసి, వాటితో ఒక చిన్న సొంత బస్‌ను రెగ్‌మ్యాప్‌కి అందించారు.

ఆ బిట్ తీయడం మరిచిపోతే ఏమవుతుందో ఆలోచించండి. చిప్ ఐడీ సరిగ్గా వస్తుంది. ఫ్యాక్టరీలో ముద్రించిన కాలిబ్రేషన్ విలువలు సరిగ్గా వస్తాయి. ప్రోబ్ పూర్తవుతుంది. రాసే ప్రతి ఆదేశాన్నీ చిప్ చదివే ఆదేశంగా తీసుకుంటుంది, డ్రైవర్‌కి ఏ ఎర్రరూ రాదు. చిప్ నిద్రలోంచి లేవనే లేవదు, పీడనం రిజిస్టర్లలో రీసెట్ విలువ అయిన హెక్స్ 80000 అలాగే ఉండిపోతుంది. ఇప్పటి డ్రైవర్ ఆ విలువను ప్రత్యేకంగా గుర్తుపట్టి, కొలత జరగలేదని ఎర్రర్ ఇస్తుంది. ఆ గుర్తింపు లేకపోతే పొంతనలేని పీడనం అంకె ఒకటి బయటికి వస్తుంది, చూసినవాళ్లు ముందు సెన్సర్‌నే అనుమానిస్తారు. చదవడం పనిచేసిందంటే బస్ పనిచేసినట్టే అన్న నమ్మకం ఎస్‌పీఐలో చెల్లదు.

ఇదే కుటుంబంలో తర్వాత వచ్చిన చిప్‌లతో జరిగింది ఇంకా చెప్పుకోదగ్గది. 2022లో బీఎంపీ380కి మద్దతు చేరినప్పుడు దాన్ని ఐ2సీ, ఎస్‌పీఐ ఫైళ్లలో డ్రైవర్ ఏ చిప్‌లకు పనిచేస్తుందో చెప్పే రెండు పట్టికల్లోనూ చేర్చారు. కానీ ఈ కొత్త తరంలో ఎస్‌పీఐ మీద చదివితే, అడ్రస్ తర్వాత ముందుగా ఒక ఉత్తుత్తి బైట్ వస్తుంది, అసలు డేటా ఆ తర్వాతే మొదలవుతుంది. ఐ2సీలో ఆ బైట్ లేదు. పాత ఎస్‌పీఐ ఫంక్షన్ ఆ ఉత్తుత్తి బైట్‌నే డేటాగా తీసుకుంది. బీఎంపీ380కి రావాల్సిన ఐడీ హెక్స్ 50, బీఎంపీ390కి 60, ఆ చోట అవి రావు. ఈ చిప్‌లకు వేరే రెగ్‌మ్యాప్ బస్ ఇచ్చి, మొదటి బైట్‌ను వదిలేసేలా 2024లో సరిచేశారు. ఒక చిప్‌కి రెండు బస్‌లు పనిచేయడం, దాని తోబుట్టువుకి కూడా పనిచేస్తాయనడానికి రుజువు కాదు. పట్టికలో పేరు చేర్చేముందు ఆ చిప్‌ని ఆ బస్ మీద నిజంగా నడిపి చూసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

కోర్‌లోకి రాక తప్పని బస్

కొన్ని తేడాలు బస్ ఫైలులో ఇమడవు. బాష్ వారిదే బీఎంఐ160 అనే మోషన్ సెన్సర్ ఉంది. పవర్ రాగానే అది ఐ2సీలో ఉంటుంది, చిప్ సెలెక్ట్ తీగ మీద ఒకసారి కింది నుంచి పైకి మార్పు కనిపిస్తే ఎస్‌పీఐకి మారుతుంది. దానికోసం డ్రైవర్ ఒక ఉత్తుత్తి రిజిస్టర్‌ను ఒకసారి చదువుతుంది. ఈ పని బస్ ఫైలుదే అనిపిస్తుంది. అయితే ప్రోబ్‌లో కోర్ ముందు చిప్‌ని సాఫ్ట్‌వేర్‌తో రీసెట్ చేస్తుంది. ఉత్తుత్తి చదువు ఆ రీసెట్ తర్వాత జరగాలి, రీసెట్ ఎప్పుడు జరుగుతుందో తెలిసింది కోర్‌కే. అందుకే కోర్ ప్రోబ్‌కి "ఇది ఎస్‌పీఐనా" అని ఒక గుర్తు పంపుతారు. కోర్‌కి బస్ తెలియకూడదన్న నియమాన్ని ఇక్కడ సడలించడం సరైన పనే. దాన్ని దాచడానికి పొరల మీద పొరలు కట్టడం కంటే, కారణం కామెంట్‌లో రాసి ఒక గుర్తు పెట్టడం నిజాయితీగా ఉంటుంది.

మెమరీ దగ్గర మరో చిక్కు ఉంది, ఇది కంటికి కనబడదు. మూడు బైట్లు చదవడానికి ఫంక్షన్‌లో ఒక లోకల్ అర్రే పెట్టుకుని దాని అడ్రస్ ఇవ్వడం మామూలు అలవాటు. చిన్న ఐ2సీ చదువుల్లో దీనితో ఇబ్బంది కనబడదు. ఎస్‌పీఐ కంట్రోలర్లు మాత్రం డీఎంఏతో, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా, నేరుగా ఆ మెమరీలోకి రాయవచ్చు. లోకల్ అర్రేలుండే ఫంక్షన్ స్టాక్ డీఎంఏకి తగిన చోటు కాదు. 2016లో 4.9 వెర్షన్ నుంచి ఎక్స్86 కెర్నళ్లలో స్టాక్‌ను వీమ్యాప్ మెమరీలో (భౌతికంగా వరసగా ఉండనక్కర్లేని మెమరీలో) పెట్టుకునే వీలొచ్చాక ఇది ఇంకా స్పష్టమైన తప్పు అయింది. రెగ్‌మ్యాప్ మధ్యలో కాపీ చేస్తే బయటపడతాం, ఎప్పుడూ చేస్తుందని మాత్రం హామీ లేదు. అందుకే ఇలాంటి సెన్సర్ డ్రైవర్లుండే ఐఐఓ సబ్‌సిస్టమ్ రివ్యూల్లో ఆ బఫర్‌ను డ్రైవర్ డేటా స్ట్రక్చర్ చివరికి తరలించి, క్యాష్ లైనుకి (ప్రాసెసర్ క్యాష్ ఒకేసారి పట్టే మెమరీ ముక్కకి) సరిపడా జరిపి ఉంచమంటారు. ఐ2సీకి రాసిన కోర్‌ను ఒక్క అక్షరం మార్చకుండా ఎస్‌పీఐకి వాడేయకూడదనడానికి ఇది గట్టి కారణం.

పరికరం డ్రైవర్‌ని వెతుక్కునే తీరు

బోర్డు మీద ఏయే పరికరాలున్నాయో కెర్నల్‌కి చెప్పే వివరాల పట్టీ డివైస్ ట్రీ. అందులో రెండు బస్‌లకూ చిప్ పేరు ఒకటే రాస్తాం. దాని కింద "రెగ్" అన్న అంకె ఐ2సీలో అయితే బస్ అడ్రస్, ఎస్‌పీఐలో అయితే చిప్ సెలెక్ట్ నంబర్. ఎస్‌పీఐకి గరిష్ఠ వేగం కూడా రాస్తాం. ఇంతవరకు తేలికే.

చాలామంది తడబడేది మాడ్యూల్ దానంతటదే లోడ్ అయ్యే దగ్గర. పరికరం కనబడగానే కెర్నల్ యూజర్‌స్పేస్‌కి (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములకి) ఒక మారుపేరు చెబుతుంది, దాన్ని బట్టి మాడ్యూల్ లోడ్ అవుతుంది. డివైస్ ట్రీ నుంచి వచ్చిన ఐ2సీ పరికరాలకు ఈ రోజుల్లో డివైస్ ట్రీ పద్ధతి మారుపేరే వెళ్తుంది. ఎస్‌పీఐ మాత్రం ఇప్పటికీ తన పాత పద్ధతి మారుపేరే చెబుతుంది, దాన్ని మారిస్తే నడుస్తున్న వ్యవస్థలు చెడిపోతాయన్న భయంతో అలాగే ఉంచారు. కాబట్టి ఎస్‌పీఐ ఫైలులో డివైస్ ట్రీ పట్టిక ఒక్కటే పెడితే, డ్రైవర్‌ను కెర్నల్‌లో కలిపినప్పుడు పనిచేస్తుంది, మాడ్యూల్‌గా కడితే లోడే కాదు. ఎస్‌పీఐ సొంత ఐడీ పట్టిక కూడా ఉండాలి. 2021 నుంచి అది లేకపోతే కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక వస్తోంది.

మూడో బస్ వచ్చినప్పుడు విడదీసిన కోర్ విలువ తెలుస్తుంది. ఐ3సీ సబ్‌సిస్టమ్ 2019లో 5.0 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చింది. ఎస్‌టీ కంపెనీ మోషన్ సెన్సర్ల ఎల్ఎస్ఎం6డీఎస్ఎక్స్ డ్రైవర్‌కి అప్పటికే కోర్, ఐ2సీ, ఎస్‌పీఐ విడిగా ఉన్నాయి. అదే ఏడాది ఐ3సీ ఫైలు చిన్నదిగా వచ్చి చేరింది. ఐ3సీలో అడ్రస్‌ను కంట్రోలరే నడుస్తుండగా కేటాయిస్తుంది. పరికరం తన 48 బిట్ల ఐడీలో తయారీదారు నంబర్, భాగం నంబర్ చెప్పుకుంటుంది, డ్రైవర్‌ని వాటితోనే జతచేస్తారు. కోర్‌కి ఇవేవీ తెలియాల్సిన పని లేదు.

పరీక్షించేటప్పుడు

బీఎంపీ280ని రెండు బస్‌ల మీదా పరీక్షించాలనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చిప్ సెలెక్ట్ పిన్ పైకి కట్టి ఉన్నంతసేపే అది ఐ2సీ వింటుంది. ఒక్కసారి ఆ పిన్ కిందికి దిగితే, పవర్ తీసి మళ్లీ ఇచ్చేదాకా ఐ2సీ మూసుకుపోతుంది. తీగలు మార్చేముందు పవర్ తీయాల్సిందే, ఇది ఏ డ్రైవర్ ప్యాచ్‌తోనూ తీరేది కాదు.

ఆ తర్వాత ఒకే చిప్‌ని ముందు ఐ2సీ మీద, తర్వాత ఎస్‌పీఐ మీద పెట్టి, డీబగ్‌ఎఫ్ఎస్‌లో (తప్పులు వెతకడానికి కెర్నల్ లోపలి వివరాలు చూపే ఫైళ్లలో) రెగ్‌మ్యాప్ చూపించే రిజిస్టర్లను పోల్చండి. హెక్స్ 88 నుంచి 9ఎఫ్ వరకు ఉన్న 24 బైట్ల కాలిబ్రేషన్ ఆ చిప్‌లో ఫ్యాక్టరీలోనే ముద్రించి ఉంటుంది కాబట్టి రెండుసార్లూ ఒక్క బిట్ తేడా లేకుండా రావాలి. అది కుదిరితే చదవడం సరిగ్గా ఉన్నట్టు. రాయడం సరిగ్గా ఉందో లేదో అది చెప్పదు. దానికోసం ఎఫ్4లో ఓవర్‌శాంప్లింగ్ (ఒక్కో ఫలితానికి ఎన్నిసార్లు కొలవాలన్న) విలువను మార్చి, క్యాష్ నుంచి కాకుండా చిప్ నుంచే తిరిగి చదివి చూడాలి.